చీదిన టపాకాయ దగ్గరికి వెళ్లేవాళ్లు

దీపావళి రాత్రి లక్ష్మీబాంబు వత్తి చివరిదాకా కాలుతుంది, చప్పుడు మాత్రం రాదు. ‘చీదింది’ అంటూ పిల్లాడు దాని మీదికి వంగబోతాడు. ఇంట్లో పెద్దవాళ్లు జబ్బ పట్టుకుని వెనక్కి లాగుతారు. కాసేపు ఆగి, దూరం నుంచే బకెట్టుడు నీళ్లు కుమ్మరిస్తారు. పేలనంత మాత్రాన అది చచ్చినట్టు కాదని వాళ్లకు తెలుసు.

యుద్ధం జరిగిన నేల మీద ఇలా చీదినవీ, అసలు అంటించనివీ టన్నులకొద్దీ మిగిలిపోతాయి. వాటిని వదిలించే పని సైనికులదే అనుకుంటాం. కానీ 2003 తర్వాత ఇరాక్‌లో ఆ పనిలో పెద్ద భాగం యూనిఫాం లేని మనుషుల చేతికి వచ్చింది. వాళ్లు ప్రైవేటు కంపెనీల ఒప్పందం మీద వచ్చిన పౌరులు.

ఆ ఏడాది మార్చిలో అమెరికా కూటమి దాడి మొదలైంది. ఏప్రిల్‌లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం కూలింది. సైన్యం చెదిరిపోయింది గానీ, దశాబ్దాలుగా కూడబెట్టిన మందుగుండు ఎక్కడిదక్కడే ఉండిపోయింది. 2004 అక్టోబరు నాటికి నాశనం చేసిందీ, చేయడానికి చేతికందిందీ కలిపితే 4 లక్షల టన్నులు దాటిందని అమెరికా సైన్యం లెక్క చెప్పింది. పది టన్నుల లారీలకెత్తితే 40 వేల లారీల సరుకు అది. పోరాడుతున్న సైన్యానికి అంత తీరిక లేదు. అందుకే అమెరికా ఆర్మీ ఇంజనీర్ల విభాగానికి చెందిన హంట్స్‌విల్ కేంద్రం ప్రైవేటు కంపెనీలకు ఆ పని అప్పగించింది. సొంత దేశంలో పాత ఫైరింగ్ రేంజిలను శుభ్రం చేయించిన అనుభవం ఆ కేంద్రానికి ఉంది. కంపెనీలు పంపిన నిపుణుల్లో ఎక్కువమంది సైన్యంలో బాంబు నిర్వీర్య దళాల్లో పనిచేసి బయటికి వచ్చినవాళ్లే. వాళ్ల వెంట సాయుధ కాపలాదారులు, డ్రైవర్లు, సరుకు ఎత్తి దించడానికి స్థానిక కూలీలు ఉండేవాళ్లు.

కుప్ప ముందు నిలబడిన నిపుణుడు మొదట తేల్చుకునేది ఒక్కటే: ఈ గుండును ఎప్పుడైనా ఫిరంగిలోంచి వదిలారా, లేదా? ఫిరంగి గుండు ముక్కు దగ్గర ఫ్యూజ్ అనే యంత్రం ఉంటుంది. గుండు గిడ్డంగిలో ఉన్నంతకాలం అది నిద్రలో ఉంటుంది. ఫిరంగిలోంచి దూసుకెళ్లే క్షణంలో గుండును ముందుకు తోసే బలం భూమ్యాకర్షణకు వేల రెట్లు ఉంటుంది. ఆ తోపుకు ఫ్యూజ్‌లో ఒక అడ్డు తొలగుతుంది. గొట్టం లోపలి మెలిక గాడుల వల్ల గుండు బొంగరంలా తిరుగుతుంది, ఆ తిరుగుడుకు రెండో అడ్డు తొలగుతుంది. రెండూ జరిగితేనే ఫ్యూజ్ మేలుకుంటుంది. కాబట్టి పెట్టెలోనే ఉండిపోయిన గుండును జాగ్రత్తగా ఎత్తి లారీలో పెట్టవచ్చు. గాలిలో ఎగిరి వచ్చి నేలలో కూరుకుపోయి పేలకుండా ఆగినదాన్ని మాత్రం ముట్టుకోరు. దాని ఫ్యూజ్ ఏ దశలో ఆగిందో బయటికి కనపడదు. అలాంటిదాన్ని ఉన్నచోటే పేల్చేస్తారు.

లోపల ఉండే మందు, చిత్రంగా, మొండి సరుకు. అలాంటి మందుల్లో ఒకటైన టీఎన్‌టీని 1863లో జర్మన్ రసాయనవేత్త విల్‌బ్రాండ్ తయారుచేశాడు. మొదట్లో దాని వాడకం పసుపు రంగుగానే. అది పేలుడు పదార్థమని జనం పట్టించుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. సుమారు 80 డిగ్రీల దగ్గర కరుగుతుంది గనుక బెల్లం పాకాన్ని అచ్చుల్లో పోసినట్టు గుండ్లలో పోసి గట్టిపడనిస్తారు. దాన్ని పేల్చాలంటే నిప్పు చాలదు, బలమైన ఆఘాత తరంగం కావాలి. ఒకసారి మొదలైతే ఆ తరంగం టీఎన్‌టీలో సెకనుకు దాదాపు 6,900 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. ఆ వేగంతో హైదరాబాద్ నుంచి విజయవాడకు 40 సెకన్లు.

అందుకే పేలుడు మందును వదిలించడానికి పేలుడు మందే వాడతారు. ఊరికి దూరంగా గొయ్యి తవ్వి, గుండ్లను పక్కపక్కన పడుకోబెట్టి దొంతరలు పేరుస్తారు. పైన సీ-4 అనే పేలుడు మందు ముద్దలు అతికిస్తారు. చపాతీ పిండిలా వంగే ఈ ముద్ద పేలితే పుట్టే తరంగం ఉక్కు పెంకును దాటి లోపలి టీఎన్‌టీని లేపుతుంది. కుప్ప మొత్తం ఒక్కసారే పేలాలి. పేర్పులో సందు మిగిలితే, మందు సమంగా పంచకపోతే, పక్కది పేలిన ఊపుకు కొన్ని గుండ్లు పేలకుండానే ఎగిరి ఎక్కడో పడతాయి. అప్పటిదాకా పెట్టెలో బుద్ధిగా ఉన్న గుండు ఇప్పుడు నమ్మరాని గుండు అవుతుంది. ఇక దాన్ని వెతకాలి, అదీ నడిచి.

ఫిరంగిలోకి దట్టించే చోదక మందుది వేరే దారి. దాన్ని ఆరుబయట పలుచగా పరిచి, దూరం నుంచి అంటించి, కాల్చేస్తారు. అదే మందును ఇరుకులో బిగించి కాలిస్తే పేలుతుంది. తెల్ల భాస్వరం నింపిన గుండ్లను మిగతావాటిలో కలవనివ్వరు. పెంకు చిట్లి గాలి తగిలితే చాలు, అది దానంతటదే అంటుకుంటుంది.

ఇక ఎంత దూరంలో నిలబడాలి? పేలుడు ఊపు అన్ని దిక్కులకూ, అంటే ఘనపరిమాణంలో, విస్తరిస్తుంది. కాబట్టి మందు 8 రెట్లు పెరిగితే దూరం 2 రెట్లు పెంచితే సరిపోతుంది, 27 రెట్లకు 3 రెట్లు చాలు. ఈ లెక్క చూస్తే పెద్ద కుప్పలే లాభం అనిపిస్తుంది. కానీ ఉక్కు పెంకులకు ఈ లెక్క వర్తించదు. 155 మిల్లీమీటర్ల గుండు బరువు సుమారు 43 కిలోలు, అందులో మందు 7 కిలోల లోపే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం ఉక్కు. అది ముక్కలై, ఊపు చచ్చిపోయిన దూరాన్ని కూడా దాటి పోతుంది. అందుకే మనుషులు నిలబడే చోటును ఎక్కువగా పెంకులే నిర్ణయిస్తాయి. కుప్ప మీద మట్టి కప్పేది కూడా వాటి కోసమే.

వేళ కూడా చూసుకోవాలి. ఎడారిలో తెల్లవారుజామున నేల దగ్గర గాలి చల్లగా, పైన వెచ్చగా ఉంటుంది. పైకి పోయే చప్పుడు ఆ వెచ్చటి పొర దగ్గర వంగి తిరిగి నేలకు దిగి, ఎక్కడో ఉన్న ఊళ్లో అద్దాలు పగలగొట్టగలదు. పొద్దెక్కి నేల కాగితే ఆ బెడద తగ్గుతుంది. కానీ ఇరాక్ వేసవిలో పొద్దెక్కడమంటే 45 డిగ్రీలు దాటడం. ఆ ఎండలో 40 కిలోల గుండ్లు ఒకటొకటిగా మోసి పేర్చాలి. అలసిన చేయి జారుతుంది, అలసిన బుర్ర లెక్క తప్పుతుంది. పని ముగించుకుని శిబిరానికి తిరిగి వెళ్లే రోడ్డు మరో గండం, ఎందుకంటే ఆ రోడ్డు పక్కన పాతిపెట్టిన బాంబుల్లో చాలా వాటికి ముడిసరుకు ఇలాంటి డిపోల్లోంచి జనం ఎత్తుకుపోయిన గుండ్లే.

బాగ్దాద్‌కు దక్షిణాన సుమారు 50 కిలోమీటర్ల దూరంలో అల్ ఖాఖా అనే కర్మాగారం ఉంది. అక్కడి శక్తిమంతమైన పేలుడు పదార్థాల్లో ఒక రకానికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ యుద్ధానికి ముందే సీళ్లు వేసింది. సుమారు 340 టన్నుల పేలుడు పదార్థాలు అక్కడ కాపలా లేక దోపిడీ అయిపోయాయని 2004 అక్టోబరులో ఇరాక్ ఆ సంస్థకు తెలియజేసింది. రోజుకిన్ని టన్నులని పేల్చుకుంటూ వచ్చిన నిపుణుల పుస్తకంలో ఆ 340 టన్నులకు పద్దు ఎప్పటికీ పడదు.

అందుకే ఈ పనిలో చప్పుడు కన్నా రాత ఎక్కువ. ఏ రకం, ఎన్ని, ఫ్యూజ్ ఉందా లేదా అని పేర్చేముందు రాసుకుంటారు. పేల్చాక నిర్ణీత సమయం ఆగి, పొగ చెదిరాక, ఒక్కరో ఇద్దరో గొయ్యి దగ్గరికి వెళ్తారు. నేల చూస్తూ మెల్లగా తిరుగుతారు. చీదింది ఒక్కటి కూడా లేదని తేలాకే మిగతావాళ్లను రమ్మని చెయ్యి ఊపుతారు.