పాత కారుకు కొత్త ఇంజనా? ముందు సి-బుక్కు చూసుకోండి

తిరుపతి: తెల్లవారుజామున ముహూర్తం. పెళ్ళికొడుకు కారెక్కి కూర్చున్నాడు. మేళగాళ్ళు సిద్ధంగా ఉన్నారు. కారు మాత్రం కదలదు. డ్రైవరు దిగి, ముందు బంపరు దగ్గర హ్యాండిలు దూర్చి తిప్పుతాడు. ఒకటి, రెండు, మూడు... నాలుగోసారికి ఇంజన్ అందుకుంటుంది. ఒకప్పుడు చిత్తూరు జిల్లా పల్లెల్లో ఇది అందరూ ఎరిగిన ముచ్చటే.

ఆనాటి అంబాసిడర్లు, విల్లీస్ జీపులు కొన్ని ఇప్పటికీ పశువుల కొట్టాల్లో, చింతచెట్ల కింద పడి ఉన్నాయి. తాత కొన్న బండిని మళ్ళీ రోడ్డెక్కించాలని మనవళ్ళకు ఆశ. మెకానిక్ షెడ్డుకు తీసుకుపోతే ముందుగా వచ్చే మాటలు రెండే: సెల్ఫ్ పెట్టిద్దామా? ఇంజనే మార్చేద్దామా?

చేయి విరిచిన హ్యాండిలు

హ్యాండిలు తిప్పడం మాటలు కాదు. ఇంజన్ ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది. అందుకే బొటనవేలిని మిగతా వేళ్ళ వైపే ఉంచి, హ్యాండిలును కిందికి నొక్కకుండా పైకి లాగాలని పాత డ్రైవర్లు కుర్రాళ్ళకు మొదట నేర్పేవారు. ఈ బాధ తప్పించినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ కెట్టరింగ్. ఆయన తయారుచేసిన విద్యుత్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలో వచ్చింది.

దాని పని తేలికే. బ్యాటరీతో తిరిగే చిన్న మోటారు పళ్ళచక్రం, ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పళ్ళ రింగును పట్టి తిప్పుతుంది. ఇంజన్ అందుకోగానే విడిపోతుంది. బాగా పాతకాలపు కార్ల ఫ్లైవీల్‌కు ఈ రింగు ఉండదు. లేతు పనివాని చేత కొలతకు తగ్గ రింగు చేయించి, వేడిచేసి ఎక్కించాలి. చల్లారితే అదే బిగుసుకుంటుంది.

ఆరు వోల్టుల బండిని పన్నెండుకు మారిస్తే బల్బులు, హారను, కాయిలు కూడా మార్చాలి. కొన్ని పాత ఇంగ్లీషు కార్లలో బ్యాటరీ ప్లస్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. అది గమనించక ఆల్టర్నేటరు బిగిస్తే డయోడ్లు కాలిపోతాయి. బ్యాటరీకి మాత్రం దూరం పోనక్కర లేదు. 1985లో మొదలైన అమర రాజా సంస్థ రేణిగుంట దగ్గరి కరకంబాడిలోనే బ్యాటరీలు తయారుచేస్తోంది.

డీజిల్ మోజు

ఇంజన్ మార్పిడి కథ వేరు. పెట్రోలు కంటే డీజిల్ బాగా చౌకగా ఉన్న రోజుల్లో టాక్సీవాళ్ళు పెట్రోలు ఇంజన్ దించి డీజిల్ ఇంజన్ ఎక్కించుకునేవారు. 1980లో కంపెనీయే డీజిల్ అంబాసిడర్‌ను తెచ్చింది. 2014లో ఆ కారు తయారీ పూర్తిగా ఆగిపోయింది. దాంతో అసలు విడిభాగాలు దొరకడం కష్టమై, వేరే బండి ఇంజన్ వైపు చూపు పోతోంది.

అయితే ఇంజన్ పట్టినంత మాత్రాన బండి పట్టినట్లు కాదు. డీజిల్ ఇంజన్ బరువు. ముందు కట్టలు కుంగుతాయి. రేడియేటరు చాలదు. స్టార్టరు, బ్యాటరీ పెద్దవి కావాలి. అన్నిటికంటే ముఖ్యం బ్రేకులు. 1944లో తెరిచిన తిరుమల మొదటి ఘాట్ రోడ్డు నేడు దిగే దారి. బలమైన ఇంజన్ పెట్టి పాత బ్రేకులతో అలాంటి మలుపుల్లో దిగడం ప్రాణాలతో చెలగాటమే.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, సి-బుక్కులోని వివరాలు కంపెనీ వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. వేరే ఇంధనానికి మార్చుకోవాలంటే నిబంధనల మేరకు ఆమోదం పొందిన కిట్టు ఉండాలి. ఇంజన్ నంబరు తేడా ఉంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా చిక్కే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2021లో కేంద్రం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని బండికి ‘వీఏ’ నంబరు ఇస్తారు. కొత్తగా చేయించడానికి 20 వేల రూపాయలు, పదేళ్ళ గడువు. బాడుగకు గానీ, రోజువారీ తిరుగుడుకు గానీ ఆ బండిని వాడరాదు. ఇంజన్ మార్చేస్తే ఈ అవకాశం చేజారినట్లే.

కాబట్టి షెడ్డుకు పోకముందే రవాణా కార్యాలయానికి పోయి అడగడం మేలు. బోరు చేయించి, పిస్టన్లు వేస్తే బాగుపడే ఇంజన్ అయితే దానినే బాగుచేయించుకోవాలి. తప్పనిసరై అనుమతితో దించినా, పాత ఇంజన్‌ను పాత ఇనుము కొట్టువాడికి తూకానికి వేయవద్దు. గ్రీజు పూసి, గోనెపట్టా చుట్టి ఒక మూల పెట్టండి. తాత హ్యాండిలు తిప్పిన ఇంజన్ అది. ఒకసారి కరగబోస్తే మళ్ళీ దొరకదు.