వారంలో వచ్చే తెలుపు

“నేను వాడాను, నాకు పనిచేసింది.” ముఖానికి ఏం రాసుకోవాలన్న విషయంలో మనకు దొరికే సలహాలు చాలావరకు ఈ ఒక్క మాట మీదే నిలబడతాయి. చెప్పేది అక్కో వదినో, పార్లర్ ఆవిడో. వాళ్లు అబద్ధమాడరు. ముఖం తేటపడటం మనమూ కళ్లారా చూస్తాం. అయినా ఆ సలహా ముఖాన్ని పాడుచేయగలదు. అదెలాగో తెలియాలంటే మెడికల్ షాపుల్లో ‘ఫెయిర్‌నెస్’ పేరుతో చేతులు మారే ఒక రకం ట్యూబు గురించి తెలుసుకోవాలి.

అందులో మూడు మందులుంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్, ఒక స్టెరాయిడ్. ఈ కలయికకు మూలం 1975లో అమెరికా చర్మవైద్యులు క్లిగ్‌మన్, విల్లిస్ ప్రచురించిన సూత్రం. మంగు మచ్చలకు, వైద్యుడు కనిపెట్టి చూస్తుండగా, కొన్ని వారాలు వాడితే ఇది మంచి మందే. చిక్కంతా దీన్ని రోజూ రాసుకునే స్నోలా వాడటంతోనే.

స్టెరాయిడ్ చర్మంలోని సన్నని రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. ఎరుపు, వాపు, దురద అణిగిపోతాయి, రంగునిచ్చే మెలనిన్ తయారీ తగ్గుతుంది. 1962 నుంచి శాస్త్రజ్ఞులు స్టెరాయిడ్ పూతల బలాన్ని కొలిచే పద్ధతి కూడా ఇదే: ముంజేతి మీద రాసి, అక్కడి చర్మం ఎంత తెల్లగా పాలిపోయిందో చూస్తారు. అంటే ప్రయోగశాలలో మందు బలానికి కొలతగా తీసుకున్న ఆ పాలిపోవడాన్నే మనం అద్దంలో చూసుకుని ఛాయ వచ్చిందని సంబరపడుతున్నాం. వారం తిరిగేసరికి తేడా కనిపిస్తుంది. పక్కింటి అమ్మాయికి పేరు చెప్పేది సరిగ్గా అప్పుడే.

నెలలు గడిచేకొద్దీ కథ మారుతుంది. స్టెరాయిడ్ వల్ల కొల్లాజెన్ తయారీ మందగించి చర్మం పల్చబడుతుంది. బుగ్గల మీద ఎర్రని రక్తనాళాలు సన్నటి గీతల్లా తేలతాయి, మొటిమలు గుంపుగా వస్తాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు మొలుస్తాయి. ఎండలోకి వెళ్లినా పొయ్యి దగ్గర నిలబడినా మంట. భయపడి మానేస్తే ఇంకా ఘోరం. అన్నాళ్లూ బలవంతంగా ముడుచుకున్న రక్తనాళాలు ఒక్కసారిగా విచ్చుకుని ముఖమంతా కందిపోతుంది, దురద పెడుతుంది. మళ్లీ రాస్తే గంటల్లో ఉపశమనం. ఇక ఆ క్రీము రాసుకునే ఆమె ఏమనుకుంటుంది? ‘క్రీము మానడం వల్లే ఇలా అయింది, నా చర్మానికి ఇదే పడింది’ అనుకుంటుంది. చేటు చేసిన మందే తన మంచితనానికి సాక్ష్యం పుట్టించుకుంటోంది. సొంత అనుభవం ఇంత నిజాయితీగా, ఇంత పూర్తిగా దారితప్పించే సందర్భం వైద్యంలో అరుదనిపిస్తుంది నాకు. మన వైద్యులు ఈ స్థితికి ‘స్టెరాయిడ్‌తో దెబ్బతిన్న ముఖం’ అని ప్రత్యేకంగా పేరు పెట్టాల్సి వచ్చింది.

ఆ సలహా ఎవరిస్తున్నారు? దేశంలోని చర్మవైద్య కేంద్రాల్లో జరిపి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని పరిశీలించారు. వారిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. ఆ 433 మందిలో 257 మందికి దాన్ని సూచించినవాళ్లు డాక్టర్లు కారు. దుష్ఫలితాలు కనిపించినవారు 392 మంది. ఇంకో అంకె నన్ను ఎక్కువ కలవరపెట్టింది. డాక్టర్ చీటీతో వాడుతున్న మిగతా 176 మందిలో 78 మందికి రాసిచ్చింది చర్మవైద్యులు కారు. తెల్లకోటు ఒక్కటే చాలదన్నమాట. ఎం.డి. గానీ డిప్లొమా గానీ చర్మవ్యాధుల (డి.వి.ఎల్.) విభాగంలో ఉందో లేదో బోర్డు మీద చూడండి. పేరును రాష్ట్ర వైద్య మండలి రిజిస్టరులో సరిచూసుకోవచ్చు. కొద్ది వారాల కాస్మెటాలజీ సర్టిఫికెట్ దీనికి సాటిరాదు.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. కానీ కౌంటర్ దగ్గర చీటీ అడగకపోతే చట్టం మన ముఖాన్ని కాపాడలేదు. ట్యూబు తిప్పి చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటాసోల్, బీటామెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూయోసినోలోన్ పేర్లలో ఏదున్నా అది స్నో కాదు, స్టెరాయిడ్.

అక్షరాలే లేని డబ్బాలు మరింత ప్రమాదం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో వైద్యులు, ఒక అరుదైన కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్లలో చాలామంది తెల్లబరిచే క్రీములు వాడుతున్నట్టు గుర్తించారు. తయారీదారు వివరాలు సరిగా లేని ఆ క్రీముల్లో పాదరసం ఉంది. పాదరసం మెలనిన్ తయారుచేసే ఎంజైమును అడ్డుకుంటుంది, కాబట్టి తెలుపు వస్తుంది. చర్మం గుండా ఇంకి కిడ్నీల్నీ దెబ్బతీస్తుంది.

వంటింటి చిట్కాలకు దుష్ఫలితాలుండవన్న నమ్మకమూ సరికాదు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే, అందులోని కొన్ని రసాయనాలు అతినీలలోహిత కిరణాలతో చర్య జరిపి చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు మిగులుస్తాయి.

మరి నమ్మదగిన సలహా ఎలా ఉంటుంది? ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్‌కు చెందిన నాంబర్ పట్టణంలో 1992లో మొదలైన ప్రయోగాన్ని చూడండి. రోజూ సన్‌స్క్రీన్ రాసుకునేదెవరో, తమకు తోచినప్పుడు రాసుకునేదెవరో చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించారు. నాలుగున్నరేళ్ల తర్వాత 55 ఏళ్లలోపు 903 మంది చేతి వెనక చర్మపు అచ్చులు పోల్చారు. రోజూ రాసిన గుంపులో చర్మం ముదరడం 24 శాతం తక్కువ. ఇక్కడ ఒకరి అనుభవం మీద ఆధారపడలేదు, పోల్చడానికి ఇంకో గుంపు ఉంది, గడువు వారం కాదు, ఏళ్లు. వాళ్లది తెల్లజాతి చర్మం, మెలనిన్ ఎక్కువున్న మన చర్మానికి ఆ 24 అంకెను యథాతథంగా వర్తింపజేయలేం. మంగు మచ్చలున్న మనవాళ్లకు మాత్రం కంటికి కనిపించే వెలుగు కూడా శత్రువే. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ వాళ్లకు మరింత మేలు. సలహా మన చర్మానికీ మన ఎండకూ కుదురుతుందో లేదో చూసి చెప్పేవారి మాటకే నేను విలువిస్తాను.

వీడియోల్లో చెప్పేవారి విషయానికొస్తే, డబ్బు తీసుకుని చెబితే ఆ సంగతి బయటపెట్టాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే నియమం పెట్టింది. ఆ ప్రకటన గుర్తు కోసం ముందు వెతకండి.

ఇది చదువుతూ తమ ఇంట్లోని ట్యూబు గుర్తొచ్చినవాళ్లూ ఉంటారు. నెలల తరబడి రాస్తున్నవారు ఈ రాత్రి నుంచే మానేద్దామనుకోకండి. ముఖం కందిపోయి మళ్లీ దాని దగ్గరికే వెళ్లాల్సి వస్తుంది. చర్మవైద్యులు బలం తక్కువున్న పూతకు మార్చి, మెల్లగా తగ్గిస్తూ, మంటకు వేరే మందు ఇస్తూ మాన్పిస్తారు. నెలలు పట్టొచ్చు. వెళ్లేటప్పుడు ఆ ట్యూబును కవరుతో సహా పట్టుకెళ్లండి, ఎన్నాళ్లుగా రాస్తున్నారో దాచకుండా చెప్పండి. మందు ఎంత వేగంగా తగ్గించాలో నిర్ణయించడానికి డాక్టరుకు ఆ రెండూ కావాలి.