పారేసిన పరికరాల్లో మిగిలిపోయే వెలుగు

ఒక ఎలక్ట్రానిక్ పరికరం పనిచేయడం మానేసిందంటే దానిలోని భాగాలన్నీ ఒకేసారి పాడయ్యాయని అర్థం కాదు. చాలా సందర్భాల్లో ఏదో ఒక భాగం దెబ్బతినడం వల్ల, మిగిలినవి బాగానే ఉన్నా, పరికరం మొత్తం అటక మీదికో పాత సామాన్లు కొనేవారి బండిలోకో చేరుతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీనే తీసుకుంటే, పాత నమూనాల్లో 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు గల లిథియం అయాన్ ఘటాలు ఆరు, రెండేసి చొప్పున మూడు జతలుగా ఉండేవి. వాటిలో ఒక్క జత నీరసించినా లోపలి రక్షణ సర్క్యూటు బ్యాటరీని మొత్తంగా నిలిపివేస్తుంది. ఐబీఎం సంస్థకు చెందిన భారతీయ పరిశోధకులు ఇలా పారేసిన బ్యాటరీలను పరీక్షించి, వాటిలో దాదాపు 70 శాతానికి ఒక ఎల్ఈడీ దీపాన్ని రోజుకు నాలుగు గంటలకు పైగా ఏడాది పాటు వెలిగించే శక్తి మిగిలి ఉందని 2014లో వెల్లడించారు. ఆ ఘటాలతో ‘ఉర్‌జార్’ అనే పరికరాన్ని రూపొందించి బెంగళూరులో కొందరిచేత వాడించి చూశారు.

ఇంత స్వల్పమైన శక్తితో దీపం వెలగడానికి కారణం ఎల్ఈడీ స్వభావమే. పాతకాలపు బల్బులో సన్నని తీగ ఎర్రగా కాగి వెలుగునిస్తుంది కాబట్టి దానికి అందిన విద్యుత్తులో అధికభాగం వేడిగా పోతుంది. ఎల్ఈడీ మాత్రం ఒక దిశలోనే కరెంటును పోనిచ్చే అర్ధవాహకం, అంటే లోహానికీ బంధకానికీ నడుమ గుణాలున్న పదార్థంతో చేసిన చిన్న ముక్క. ఎరుపు ఎల్ఈడీకి సుమారు రెండు వోల్టులు, తెల్లదానికి సుమారు మూడు వోల్టులు అందేదాకా అది వెలగదు. ఆ హద్దు దాటాక వోల్టేజి కొద్దిగా పెరిగినా కరెంటు విపరీతంగా పెరిగి ఎల్ఈడీ వేడెక్కి మాడిపోతుంది. అందువల్ల ఎల్ఈడీని వెలిగించడంలో నేర్పంతా దానికి కరెంటు అందించడంలో కాక, అందే కరెంటును అదుపులో పెట్టడంలోనే ఉంది.

ఆ అదుపుకు నిరోధకం, అంటే కరెంటు ప్రవాహాన్ని తగ్గించే రెసిస్టర్, చాలు. పాత ఫోను చార్జరు 5 వోల్టులు ఇస్తుంది; తెల్ల ఎల్ఈడీ అందులో 3 వోల్టులు తీసుకుంటే మిగిలిన 2 వోల్టులను నిరోధకం భరించాలి. చిన్న ఎల్ఈడీకి 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియరు, తగిన కరెంటు కాబట్టి ఓమ్ నియమం ప్రకారం 2ను 0.02తో భాగిస్తే 100 ఓములు వస్తుంది. పాత సర్క్యూటు బోర్డుల మీద గోధుమ, నలుపు, గోధుమ రంగు పట్టీలతో, చివర బంగారు పట్టీతో కనిపించే నిరోధకం విలువ అదే. టీవీ సెట్‌టాప్ బాక్సుతో వచ్చే 12 వోల్టుల అడాప్టరు దొరికితే మూడు ఎల్ఈడీలను శ్రేణిలో, అంటే ఒకదాని చివర మరొకటి వచ్చేలా కలిపి, వాటికి 150 ఓముల నిరోధకాన్ని చేర్చవచ్చు. అలంకరణకు వాడే 12 వోల్టుల ఎల్ఈడీ పట్టీల్లోనూ సాధారణంగా ఇదే అమరిక ఉంటుంది. ఎల్ఈడీలను సమాంతరంగా, అంటే పక్కపక్కన కలిపేటప్పుడు అన్నింటికీ ఒకే నిరోధకం పెట్టడం తరచూ జరిగే పొరపాటు. ఏ రెండు ఎల్ఈడీలూ అచ్చంగా ఒకేలా ఉండవు కనుక ఒకటి ఎక్కువ కరెంటు లాక్కుని ముందుగా మాడిపోతుంది.

పాత బోర్డు నుంచి ఊడదీసిన ఎల్ఈడీ కాళ్లు కత్తిరించి ఉంటాయి కాబట్టి పొడవును బట్టి ధన ధ్రువాన్ని గుర్తించడం కుదరదు. గుండ్రని ఎల్ఈడీ అంచులో చదునుగా ఉన్న వైపు రుణ ధ్రువమని గుర్తుంచుకోవాలి. మాడిన ఇంటి బల్బులోని ఎల్ఈడీలతో మరో చిక్కు ఉంది: వాటిలో చాలావాటిలో ఒకే పొట్లంలో రెండు మూడు చిప్‌లు ఇమిడి ఉంటాయి, కనుక అవి 5 వోల్టులకు వెలగవు. నల్లచుక్క పడిన ఎల్ఈడీకి అడ్డతీగ వేసి బల్బును మళ్లీ 230 వోల్టులకే తగిలించే చిట్కా బాగా ప్రచారంలో ఉన్నా, అనేక బల్బుల లోపలి భాగం ఇంటి కరెంటుతో నేరుగా కలిసి ఉంటుంది కాబట్టి, మూత తీసిన అలాంటి బల్బు ప్రాణాంతకం.

వీటన్నిటికంటే ఆసక్తికరమైనది ‘జౌల్ థీఫ్’ అని పేరుపడిన సర్క్యూటు. దీన్ని జెడ్. కపార్నిక్ 1999 నవంబరులో ‘ఎవ్రీడే ప్రాక్టికల్ ఎలక్ట్రానిక్స్’ అనే బ్రిటిష్ పత్రికలో ప్రచురించగా, ఈ పేరును క్లైవ్ మిచెల్ ప్రచారంలోకి తెచ్చారు. పాడైన సీఎఫ్ఎల్ దీపంలోని ఫెర్రైట్ ఉంగరం, దాని మీద చుట్టిన రెండు తీగచుట్టలు, ఒక ట్రాన్సిస్టర్, వెయ్యి ఓముల నిరోధకం ఇందుకు సరిపోతాయి. ట్రాన్సిస్టర్ సెకనుకు వేలసార్లు కరెంటును పోనిచ్చి ఆపుతుంటే, ఆపిన ప్రతిసారీ తీగచుట్టలోని అయస్కాంత క్షేత్రం కూలిపోతూ ఘటం వోల్టేజికి మరికొంత వోల్టేజిని జోడిస్తుంది. అందువల్ల గడియారం నడపలేక తీసేసిన ఘటం కూడా తన వోల్టేజి 0.6 వోల్టులకు పడిపోయేవరకు తెల్ల ఎల్ఈడీని వెలిగించగలదు. ఆ వెలుగు చదువుకోవడానికి చాలదు, చీకట్లో దారి కనిపించడానికి చాలు. సీఎఫ్ఎల్ గొట్టంలో పాదరసం ఉంటుంది, కాబట్టి దాన్ని పగలగొట్టకుండా అడుగు భాగాన్నే విప్పాలి.

లిథియం ఘటాల విషయంలో మాత్రం పొదుపు చూడకూడదు. రెండు వోల్టుల కంటే దిగువకు పడిపోయినవి, ఉబ్బినవి, తుప్పు పట్టినవి వాడకూడదు, మిగిలినవాటిని 4.2 వోల్టులకు మించి చార్జ్ చేయని, రక్షణ ఏర్పాటున్న బోర్డుతోనే చార్జ్ చేయాలి. ఘటం మీద నేరుగా టంకం వేయకూడదు. రక్షణ ఏర్పాటున్న చార్జింగు బోర్డులు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతాయి. 5 వోల్టుల, 12 వోల్టుల అడాప్టర్లను ఉన్నవి ఉన్నట్టే వాడుకోవాలి తప్ప విప్పకూడదు, ఎందుకంటే లోపలి కెపాసిటర్‌లో, అంటే విద్యుదావేశాన్ని నిలువ ఉంచే భాగంలో, ప్లగ్గు తీసిన తరువాత కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

పనికిరాదని తేలిన ఘటాలను చెత్తబుట్టలో వేస్తే చెత్తబండిలో నలిగి నిప్పంటుకునే ప్రమాదం ఉంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇంటి చెత్తతో కలపకూడదు. వాటి చివరలకు టేపు అంటించి, విడిగా దాచి, అనుమతి పొందిన సేకరణ కేంద్రానికే ఇవ్వాలి.