యంత్రం లెక్క, కంటి లెక్క

డెంగీ రోజుల్లో ఆసుపత్రి వరండాలో ఎవరు కలిసినా ‘ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయి?’ అనే అడుగుతారు. పొద్దున 62 వేలు, సాయంత్రం 54 వేలు అనేసరికి ఇంటిల్లిపాదికీ కంగారు. ఆ తేడాలో కొంత లెక్కింపుదే కావచ్చునని చెప్పేవాళ్లు తక్కువ.

ఆరోగ్యవంతుల్లో మైక్రోలీటరు రక్తానికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లుంటాయి. పాత పద్ధతిలో రక్తాన్ని ఒక శాతం అమ్మోనియం ఆక్సలేట్ ద్రావణంలో కలుపుతారు. ఎర్రకణాలు పగిలిపోయి, ప్లేట్‌లెట్లు మిగులుతాయి. ఆ ద్రవాన్ని సన్నటి గళ్లు గీసిన నూబావర్ గాజుపలక మీదికి ఎక్కించి, ఆరిపోకుండా తడి కాగితం వేసిన పెట్రీ డిష్‌లో పావుగంట కదపకుండా ఉంచాలి. కణాలు అడుక్కి దిగాక మైక్రోస్కోపులో గడిగడికీ లెక్కపెట్టాలి. రెండు మూడు మైక్రాన్ల కణాలాయె, దుమ్ము రేణువు కూడా ప్లేట్‌లెట్‌లాగే కనిపిస్తుంది. పైగా లెక్కకు వచ్చినవి వంద కణాలే అయితే, ఎంత చెయ్యి తిరిగినవారికైనా పది అటూ ఇటూ తప్పదు.

సెల్ కౌంటర్‌కు ఈ బాధ లేదు. వాలెస్ కౌల్టర్ 1953లో పేటెంటు పొందిన ఉపాయం ఇది: కరెంటు ప్రవహించే సన్నటి రంధ్రంలోంచి కణం దూరినప్పుడల్లా విద్యుత్ నిరోధం ఒక్కసారి పెరుగుతుంది. ఎంత పెరిగిందన్నదాన్ని బట్టి కణం పరిమాణం తెలుస్తుంది. నిమిషం లోపే వేల కణాలు లెక్కకొస్తాయి. కానీ ఈ యంత్రానికి తెలిసింది పరిమాణం ఒక్కటే. ఎర్రకణాల ముక్కల్ని ప్లేట్‌లెట్లలో కలిపేస్తుంది, పెద్ద ప్లేట్‌లెట్లను ఎర్రకణాల్లో వేసేస్తుంది.

అసలు చిక్కు ఊదారంగు మూత ట్యూబులో ఉంది. రక్తం గడ్డకట్టకుండా అందులో ఉండే ఈడీటీఏ, కొద్దిమంది రక్తంలో ప్లేట్‌లెట్లను గుంపులుగా అతికిస్తుంది. గుంపుల్ని యంత్రం ప్లేట్‌లెట్లుగా గుర్తించదు. ఏ జబ్బూ లేని మనిషికి రిపోర్టులో 40 వేలే కనిపించవచ్చు! స్లైడు మీద పూసిన రక్తపు పొర అంచున ఆ గుంపులు కంటికి స్పష్టంగా దొరుకుతాయి. అప్పుడు సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీసి లెక్కించి, అందులోని ద్రవం వల్ల పలుచనైనందుకు వచ్చిన అంకెను 1.1తో హెచ్చిస్తారు.

రోజువారీ పనికి యంత్రమే మేలు, అందులో సందేహం లేదు. అయితే డెంగీలో ప్లేట్‌లెట్లు నిజంగానే పడిపోతాయి కనుక తక్కువ అంకెను మీ అంతట మీరు కొట్టిపారేయకండి. డాక్టరును కలవండి, స్లైడు చూశారా అని ల్యాబును అడగండి.