జపాన్ కారు, తక్కువ ఆక్టేన్ పెట్రోల్ – ఇంజన్ ఎందుకు కొట్టుకుంటుంది?

ప్రత్యేక సంచికకు ఒక సైన్సు వ్యాసం రాయమని సంపాదక వర్గం అడిగినప్పుడు మా ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ సిలబస్‌లోంచి ఏదో ఒకటి రాద్దామనుకున్నాం. కానీ మేము చేసిన ఒక పొరపాటు గుర్తుకొచ్చింది. దాని గురించే రాస్తే పది మందికీ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

మా రూములో నలుగురం. నలుగురి ఇళ్ళలోనూ మాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేరు. మన హాస్టల్లోనే చదువుకుని న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు పై చదువుకు వెళ్ళిన సీనియర్ అన్న ఒకరున్నారు. పగలు కాలేజీ, రాత్రి పని. బస్సులు తిరగని వేళల్లో పనికి వెళ్ళాలి కాబట్టి జపాన్ నుంచి వచ్చిన పాత టర్బో కారు ఒకటి కొన్నారు. ఒకరోజు ఫోన్ చేసి, "తమ్ముడూ, ఇక్కడ బంకుల్లో 91, 95, 98 అని రకరకాల పెట్రోల్ ఉంది. 91 చవక. అది పోయిస్తే ఏమన్నా అవుతుందా? మీరు కెమిస్ట్రీ కదా" అని అడిగారు. మేము ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా, "ఏం కాదన్నా, పెట్రోల్ ఏదైనా ఒకటే. కాలితే వచ్చే వేడి దాదాపు సమానమే" అని చెప్పేశాం. ఆ చివరి మాట నిజమే. జవాబు మాత్రం తప్పు. ఎందుకు తప్పో చూద్దాం.

ఆక్టేన్ నంబర్ అంటే ఏమిటి?

చాలామంది ఆక్టేన్ నంబర్ అంటే పెట్రోల్ బలం అనుకుంటారు. అది బలం కాదు, ఓర్పు. ఒత్తిడికీ వేడికీ గురైనా తనంతట తాను అంటుకోకుండా పెట్రోల్ ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే కొలత అది. 1920ల్లో గ్రాహం ఎడ్గర్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త ఈ కొలతకు రెండు ద్రవాలను ఎంచుకున్నారు. ఐసో ఆక్టేన్ బాగా తట్టుకుంటుంది, దానికి 100. నార్మల్ హెప్టేన్ అసలు తట్టుకోదు, దానికి 0. 91 నంబర్ పెట్రోల్ అంటే, 91 పాళ్ళు ఐసో ఆక్టేన్, 9 పాళ్ళు హెప్టేన్ కలిపిన మిశ్రమం పరీక్షా ఇంజన్‌లో ఎలా ప్రవర్తిస్తుందో అలా ప్రవర్తించే పెట్రోల్ అని అర్థం. అందులో నిజంగా ఆ రెండే ఉంటాయని కాదు.

కాబట్టి తక్కువ ఆక్టేన్ అంటే కల్తీ అనో నాసిరకం అనో అనుకోకూడదు. ఆ ఇంజన్‌కు ఆ పెట్రోల్ సరిపోతుందా లేదా అన్నదే ప్రశ్న.

నాకింగ్ ఎలా వస్తుంది?

సిలిండర్‌లోకి వచ్చిన గాలి, పెట్రోల్ ఆవిరి మిశ్రమాన్ని పిస్టన్ పైకి వచ్చి నొక్కుతుంది. స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ ఇస్తుంది. మంట ఒక చివర మొదలై రెండో చివరకు వరుసగా పాకాలి. పాకుతున్న మంట వెనుక వాయువులు వ్యాకోచించి, ఇంకా కాలని మిశ్రమాన్ని మరింత నొక్కి వేడెక్కిస్తాయి. పెట్రోల్ ఆ వేడికి ఓర్చుకోలేకపోతే, మంట చేరకముందే ఆ మిగిలిన భాగం ఒక్కసారిగా భగ్గుమంటుంది. అప్పుడు పుట్టే పీడన తరంగాలు సిలిండర్ గోడలను కొడతాయి. మెకానిక్‌లు నాకింగ్ అనేది దీన్నే. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడు వస్తుంది.

చప్పుడుతోనే అయిపోదు. పిస్టన్ పైన ఎప్పుడూ పలుచని వాయుపొర ఒకటి ఉండి లోహాన్ని వేడి నుంచి కాపాడుతుంది. ఈ తరంగాలు ఆ పొరను చెదరగొడతాయి. వేడి నేరుగా అల్యూమినియం పిస్టన్‌కు తగులుతుంది. రింగులు కూర్చునే గాడుల అంచులు విరుగుతాయి. ఎక్కువైతే పిస్టన్ కరిగి చిల్లు పడుతుంది.

జపాన్ కార్లకే ఈ చిక్కు ఎందుకు?

జపాన్‌లో పెట్రోల్ ముఖ్యంగా రెండు రకాలు. అక్కడి ప్రమాణం ప్రకారం రెగ్యులర్‌కు కనీసం 89, ప్రీమియంకు కనీసం 96 ఆక్టేన్ ఉండాలి. బంకుల్లో అమ్మే ప్రీమియం ఇంతకంటే ఎక్కువగా, 100కు దగ్గరగా ఉంటుంది. 1989లో వచ్చిన నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, 1992లో వచ్చిన సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్, మిత్సుబిషి లాన్సర్ ఎవొల్యూషన్ వంటి వేగవంతమైన టర్బో కార్లను జపాన్ మార్కెట్ కోసం ఆ ప్రీమియంకే సరిచేశారు.

టర్బో అంటే ఇంజన్ వదిలే పొగతో తిరిగే చిన్న చక్రం. అది మామూలుగా వచ్చేదానికంటే ఎక్కువ గాలిని సిలిండర్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువైతే శక్తి ఎక్కువ. దాంతోపాటు ఒత్తిడి, వేడి కూడా ఎక్కువే. ఏ వేగంలో, ఎంత గాలికి, ఎప్పుడు నిప్పురవ్వ ఇవ్వాలో కారు కంప్యూటర్‌లో ఒక పట్టిక రాసి ఉంటుంది. ఆ పట్టిక రాసినవాళ్ళు 100కు దగ్గరి పెట్రోల్‌ను లెక్కలో పెట్టుకుని రాశారు.

న్యూజిలాండ్‌లో కూడా జపాన్‌లో లాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు. 1998లో ఆ దేశం కార్లపై దిగుమతి సుంకం ఎత్తేసింది. జపాన్‌లో పాతబడిన కార్లు ఓడల్లో అక్కడికి పెద్ద సంఖ్యలో వెళ్తాయి. కారు వస్తుంది గానీ పెట్రోల్ రాదు కదా! అక్కడి రెగ్యులర్ 91.

కంప్యూటర్ కాపాడదా?

కొంతవరకు కాపాడుతుంది. ఇంజన్‌కు బిగించిన నాక్ సెన్సార్ ఆ ప్రకంపనను పసిగడుతుంది. కంప్యూటర్ వెంటనే నిప్పురవ్వను కొంచెం ఆలస్యం చేస్తుంది. నాకింగ్ తగ్గుతుంది, కానీ శక్తి పడిపోతుంది, పొగ వేడి పెరుగుతుంది, అదే దూరానికి పెట్రోల్ ఎక్కువ కాలుతుంది. చవక పెట్రోల్‌తో మిగిలిన డబ్బులో కొంత అక్కడే పోతుంది. పైగా సెన్సార్ పనిచేసేది నాకింగ్ మొదలయ్యాకే. నిప్పురవ్వను వెనక్కి జరపడానికీ ఒక హద్దు ఉంది. నిండు బరువుతో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆ హద్దు దాటిపోవచ్చు.

ఏం చేయాలి?

1. పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్, కారు పుస్తకం చూడాలి. జపాన్ లిపిలో ఉంటే చదవగలిగినవాళ్ళకు చూపించాలి.

2. ప్రీమియం అని ఉంటే అక్కడ దొరికే అత్యధిక నంబరే పోయించాలి.

3. తప్పనిసరై తక్కువది పోస్తే నెమ్మదిగా, టర్బో గట్టిగా పనిచేయకుండా నడపాలి. వీలైనంత త్వరగా ఎక్కువ నంబరు కలపాలి. 25 లీటర్ల 91కి 25 లీటర్ల 98 కలిస్తే సుమారు 94.5 అవుతుంది.

4. ఎప్పుడూ తక్కువ పెట్రోలే దిక్కయితే, అనుభవజ్ఞుడి చేత టర్బో ఒత్తిడి తగ్గించి, కంప్యూటర్ పట్టికను ఆ పెట్రోల్‌కు తగ్గట్టు మార్పించాలి.

5. ఆక్టేన్ పెంచే సీసాలపై "30 పాయింట్లు" అని ఉంటే 30 నంబర్లు అనుకోవద్దు. సాధారణంగా పది పాయింట్లు ఒక నంబరు.

దీనికి వ్యతిరేకం కూడా నిజమే. 91కి తయారైన మామూలు కారులో 98 పోస్తే అదనంగా ఒరిగేదేమీ లేదు. మన దేశంలో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ అంతటా వచ్చింది. దాని కనీస ఆక్టేన్ 95. అయినా లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు తక్కువ. నంబరు వేరు, శక్తి వేరు అనడానికి ఇదే ఉదాహరణ.

చివరిగా

నాలుగు నెలల తర్వాత అన్న కారు పొగ కక్కడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే ఒక పిస్టన్ రింగు గాడి విరిగి ఉంది. నాకింగ్ వల్లనే అని మెకానిక్ చెప్పారట. బాగు చేయించడానికి అయ్యే ఖర్చు కారు కొన్న ధర కంటే ఎక్కువ. పాత సామాన్ల వాళ్ళకు అమ్మేసి, రెండు నెలలు రాత్రి పనికి సైకిల్ మీద వెళ్ళారు. తర్వాత పంపిన ఫోటోలో మూత లోపల జపాన్ అక్షరాల స్టిక్కర్ ఉంది. ప్రీమియం అనే ఉంది.

అన్న మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీరు చదువుకున్నారు కదా అని నమ్మాను, మళ్ళీ అడగలేదు" అన్నారు. ఆ మాటే మాకు తగిలింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇంట్లో మొదట చదువుకున్నవాళ్ళం మనమే కాబట్టి డాక్టర్ చీటీ దగ్గర నుంచి బ్యాంకు కాగితం దాకా అందరూ మనల్నే అడుగుతారు. తెలియదంటే చదువు పరువు పోతుందేమోనని ఏదో ఒకటి చెప్పేస్తాం. "తెలియదు, రేపు తెలుసుకుని చెబుతా" అనడానికి మాకు ఒక కారు ఖర్చయింది, అదీ మాది కాదు. ఆ రాత్రే లైబ్రరీకి వెళ్ళి ఉంటే ఈ వ్యాసంలో ఉన్నదంతా మాకు ఒక్క గంటలో తెలిసేది.