హిస్టారిక్ – హిస్టారికల్

ఇంగ్లీషున హిస్టారిక్, హిస్టారికల్ అను రెండు విశేషణములు కలవు. రెండును గ్రీకు మూలమునుండి లాటిను ద్వారా వచ్చినవే. పూర్వము ఆంగ్ల రచయితలు వీనిని ఒకదానికి బదులొకటి వాడిన సందర్భములు పెక్కులు. ఇప్పటి వాడుకలో దారులు వేరైనవి. మన విద్యార్థుల జవాబు పత్రములలో మాత్రము ఈ రెండును ఇంకను కలిసియే తిరుగుచున్నవి.

ఇందుకు విద్యార్థులనే నిందింపజాలము. ఉర్దూలో రెంటికిని 'తారీఖీ' అను మాటయే చాలును. తెలుగున చారిత్రక, చారిత్రాత్మక అని రెండు రూపములున్నను, మనము వానిని అర్థభేదము పాటించి వాడుట అరుదు. ఇంటి భాషలో లేని గీటును పరాయి భాషలో గీయవలసి వచ్చినపుడు చేయి తడబడుట సహజము.

చరిత్రలో ప్రత్యేక స్థానము సంపాదించినది హిస్టారిక్. చరిత్రకు సంబంధించినది ఏదైనను హిస్టారికల్. అది గొప్పది కానక్కరలేదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనాభాషగా గైకొనుట హిస్టారిక్ నిర్ణయము. ఉన్నత విద్యను భారతీయ భాషలో నేర్పవచ్చునని అది చూపెను. హైదరాబాదు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్సున భద్రపరచిన మొగలుల కాలపు పారసీ కాగితములు హిస్టారికల్ పత్రములు. వానిలో సిపాయిల పోలికలు, గుఱ్ఱముల గుర్తులు వ్రాసిన పట్టికలు కూడ కలవు. ఆ గుఱ్ఱములలో ఏదియు చరిత్రను మార్చియుండదు. అయినను ఆ పట్టిక చరిత్రకారునికి పెన్నిధి. అబ్దుల్ హలీం షరర్, నోరి నరసింహశాస్త్రి గార్లు వ్రాసినవి హిస్టారికల్ నవలలు.

చిక్కంతయు హిస్టారికల్ అను మాటకు గల మరియొక అర్థముతో వచ్చినది. కల్పితము కాక నిజముగా ఉండినది అని ఆ అర్థము. మహమ్మద్ కులీ కుతుబ్ షా ప్రియురాలిగా జనులు చెప్పుకొను భాగమతి హిస్టారికల్ వ్యక్తియా యని పండితులు వాదించుకొనిరి. ఆమె కథను ఆచార్య హారూన్ ఖాన్ షేర్వానీ గారు చరిత్రగా అంగీకరింపలేదు. ఇచట ప్రశ్న ఆమె ఘనతను గూర్చినది కాదు. ఆమె అసలు జీవించినదా యనియే. ఈ వాదమును సంగ్రహించుచు మన విద్యార్థి హిస్టారిక్ అని వ్రాసినచో, ఉనికిని శంకించిన పండితుడు ప్రాముఖ్యమును కించపరచినట్లగును. ఆయన అనని మాటను ఆయన నోట పెట్టితిమన్నమాట. నగరము పేరును గూర్చియే వాదములు వేడెక్కుచుండు చోట ఇది చిన్న పొరపాటు కాదు.

ఎకనామిక్, ఎకనామికల్ అను జంటకు ఈ సూత్రము అన్వయింపదు. మొదటిది ఆర్థిక విషయములకు, రెండవది పొదుపునకు చెల్లును. ప్రభుత్వపు 'ఎకనామికల్ పాలసీ' అని వ్రాసినచో ప్రభుత్వము పొదుపుగా నడచుచున్నదని మెచ్చుకొన్నట్లగును; వ్రాసినవాని ఉద్దేశము అది కాకపోవచ్చును.