పురపాలక సభ నుండి శ్వేతసౌధమునకు

అమెరికా ముప్పదవ అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జి ప్రజల ఓటు కోరి నిలిచిన ఎన్నికలలో ఒక్కదానియందే ఓడిపోయెను. అది 1905లో మాసచూసెట్స్ రాష్ట్రమందలి నార్తాంప్టన్ పట్టణపు పాఠశాలా సంఘమునకు జరిగిన ఎన్నిక. బడిలో చదువు బిడ్డలు లేనివానికి ఓటెందులకని ఒక పౌరుడు ప్రశ్నింపగా, అప్పుడే పెండ్లియైన కూలిడ్జి, అందులకు కొంత వ్యవధి ఈయవలదా అని బదులు చెప్పెనట!

వెర్మాంట్ కొండలలోని ప్లిమత్ నాచ్ అను పల్లెలో ఆయన 1872 జూలై 4న జన్మించెను. తండ్రి ఊరి అంగడి నడపినవాడు. కుమారుడు న్యాయవాదియై నార్తాంప్టన్‌లో స్థిరపడి, 1898లో రిపబ్లికన్ పక్షమున పురపాలక సభకు ఎన్నికయ్యెను. అటుపై రాష్ట్ర శాసనసభ. పిదప 1910, 1911లలో పట్టణ మేయరు పదవి. మేయరుగ ఆయన పన్ను కొంత తగ్గించి, అప్పు కొంత తీర్చి, ఉపాధ్యాయుల జీతములను మాత్రము పెంచెను. పొదుపు అనగనే పంతులు జీతముపై చేయివేయు పాలకుల నెరిగినవారికి ఇది విశేషముగనే తోచును.

దేశమంతట ఆయన పేరు వినబడినది 1919లో. అప్పటికి ఆయన రాష్ట్ర గవర్నరు. సంఘము పెట్టుకొను హక్కునకై బోస్టన్ నగరమున సుమారు 1100 మంది పోలీసులు సమ్మె చేసిరి. దుకాణములు దోపిడికి గురియయ్యెను. మొదట మౌనము వహించిన కూలిడ్జి, తరువాత రాష్ట్ర సైనికదళమును రప్పించి, ప్రజల భద్రతకు విరుద్ధముగ సమ్మె చేయు హక్కు ఎవరికిని, ఎక్కడను, ఎన్నడును లేదని కార్మిక నాయకుడు గాంపర్స్‌కు తంతి పంపెను. ఆ తంతియే ఆయనను 1920 ఎన్నికలో ఉపాధ్యక్షుని చేసెననవచ్చును. సమ్మె చేసినవారికి మరల కొలువు దొరకలేదు. మెరుగైన జీతము కొత్తగా చేరినవారికి లభించెను!

1923 ఆగస్టు 2న అధ్యక్షుడు హార్డింగ్ మరణించెను. ఆ రాత్రి కూలిడ్జి పల్లెలో తండ్రి ఇంట నుండెను. తెల్లవారుజామున రెండు గంటల నలుబదియేడు నిమిషములకు, కిరోసిను దీపపు వెలుగున, నోటరీ అధికారము గల తండ్రియే ఆయనచే ప్రమాణము చేయించెను.

1924లో ప్రజలు ఆయననే తిరిగి ఎన్నుకొనిరి. సుమారు 2200 కోట్ల డాలర్ల జాతీయ ఋణము 1929 నాటికి 1700 కోట్లకు దిగెను. పన్నులు తగ్గెను. కాని పంటల ధరలు పడిపోయి రైతులు మొరపెట్టగా, వారికై కాంగ్రెసు ఆమోదించిన బిల్లును 1927లోను, 1928లోను నిరాకరించెను. 1927లో మిసిసిపీ వరదలు ఆరు లక్షల మందికి పైగా నిరాశ్రయులను చేసినప్పుడు, గవర్నర్లు వేడినను ఆయన అచ్చటికి వెళ్ళలేదు. మంత్రి హూవరును పంపి, రెడ్‌క్రాసుకు విరాళములిండని ప్రజలను కోరెను. పట్టణపు పద్దులను చక్కదిద్దిన చేతికి అంతటి నది పట్టుబడలేదు. వరద నివారణ శాసనముపై 1928లో ఆయనయే సంతకము చేయవలసివచ్చెను.

ఆ యేట మరల పోటీ చేయక, 1929 మార్చిలో నార్తాంప్టన్ చేరి, పూర్వము అద్దెకున్న జోడింటి సగభాగముననే కాపురముండెను. చూడవచ్చువారి తాకిడికి తాళలేక, మరుసటి యేట ఊరి చివర తోట గల ఇల్లు కొని మారెను. 1933 జనవరి 5న అచ్చటనే కన్నుమూసెను.